చెన్నప్ప పేరున వెలసిన పట్నం

నెల్లూరు, చిత్తూరు వైపు పాతతరం వాళ్లకు మద్రాసు అంటే ఒట్టి 'పట్నం'. 1996లో ఆ మద్రాసు పేరును చెన్నైగా మార్చినప్పుడు, పరాయి పేరు పోయి సొంత పేరు వచ్చిందనే అందరూ అనుకున్నారు. ఆ సొంత పేరు ఒక తెలుగు నాయకుడి తండ్రిదన్న సంగతి ఏటా ఆగస్టు 22న, మద్రాసు దినోత్సవం పూట మళ్లీ చర్చకు వస్తుంది. దాని వెంటే 'మద్రాసు మనదే' అన్న పాత నినాదమూ తొంగిచూస్తుంది.

విజయనగర రాజుల తరఫున ఈ తీరాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇసుక మేటలున్న చిన్న నేల ముక్కను ఇచ్చాడు. అప్పటికి నెల్లూరు సీమలోని దుర్గరాజపట్నంలో సరైన సరుకు దొరక్క ఇబ్బంది పడుతున్న కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డేకు, ఇక్కడ బట్ట చవకగా దొరకడమే పెద్ద ఆకర్షణ. బేరాలు కుదిర్చిన దుబాసీ (రెండు భాషల మధ్యవర్తి) బేరి తిమ్మప్ప కూడా తెలుగువాడే. దానపత్రం ప్రతుల్లో జూలై 22 అని కనిపించినా, డే జూలై చివరిదాకా ఇక్కడికి రానేలేదు కనుక చరిత్రకారులు ఆగస్టును ఖాయం చేశారు. ఆ నేల మీద కంపెనీ కట్టిన సెయింట్ జార్జి కోటకు ఉత్తరాన వెలసిన ఊరికి నాయకుడి తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్నమని పేరు వచ్చిందన్నది ఎక్కువమంది అంగీకరించే మాట. చెన్నకేశవుడి పేరే మూలమనే వారూ ఉన్నారు.

ఆ చెన్నకేశవుడి గుడి మొదట ఇప్పటి హైకోర్టు ఉన్న చోట ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్లు కోటను పట్టుకుని 1749లో తిరిగి ఇచ్చేశాక, శత్రువు చాటున నక్కడానికి వీల్లేకుండా కోట చుట్టూ మైదానం ఉండాలని కంపెనీ నిశ్చయించుకుంది. ఇళ్లతోపాటు గుడి కూడా ఆ లెక్కలో పోయింది. కంపెనీ బదులుగా ఇచ్చిన స్థలంలో, మణలి ముత్తుకృష్ణ ముదలియారు చొరవతో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాలు పక్కపక్కనే లేచాయి. పూకడై అనే పూల బజారులో మల్లె గంపలను, తడిసిన గోనె సంచులను తప్పుకుంటూ వెళితే గాని వాటి గోపురాలు కనిపించవు. స్థానికులు వాటిని ఇప్పటికీ పట్నం కోవిల్ అనే పిలుస్తారు. ఖాళీ చేయించిన నేలకు హద్దుగా 1773లో నాటిన రాతి స్తంభాల్లో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో మిగిలింది. అవతల స్థానికులు ఉండే బ్లాక్‌టౌన్‌కు జార్జిటౌన్ అన్న పేరు 1911లో, అయిదో జార్జి గౌరవార్థం వచ్చింది. లింగిచెట్టి, గోవిందప్పనాయకన్ వీధుల పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఈ ఆనవాళ్లను చూపి నగరమంతా మనదేననడం సగం నిజాన్నే చెప్పడం. మైలాపూరు, తిరువల్లిక్కేణి కోటకన్నా ఎన్నో వందల ఏళ్లు పాతవి, తమిళ భక్తి సాహిత్యంలో పాతుకుపోయినవి. అవి నాయకుడి దానంలో లేవు. అయినా ఆంధ్రోద్యమానికి మద్రాసే కార్యస్థానం. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది మైలాపూరులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లోనే. ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసుపై హక్కు వదులుకోవాలని 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కాంగ్రెస్ సంఘం తేల్చిచెప్పింది. మద్రాసుతో కూడిన రాష్ట్రమే కావాలని పట్టుబట్టిన పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు గాని, అందులో మద్రాసు లేదు. కొత్త రాజధానిని కొన్నాళ్లయినా ఇక్కడే ఉంచాలన్న ఆలోచననూ తమిళ నాయకులు తిప్పికొట్టారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర ప్రభుత్వం కర్నూలులో, చాలామటుకు డేరాల కింద, పని మొదలుపెట్టింది. శ్రీరాములు కన్నుమూసిన మైలాపూరు ఇల్లు ఇప్పుడు ఆయన స్మారక భవనం.