‘ఇది రికార్డుల్లోకి ఎక్కుతుందా అండీ?’: టెక్సస్ బడుల గురించి మనవాళ్ల అపోహలు, వాస్తవాలు

టెక్సస్‌లో ఒక స్కూల్ డిస్ట్రిక్టులో (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థలో) డయాగ్నొస్టీషియన్‌గా పనిచేస్తున్నాను. చదువులో తడబడుతున్న పిల్లలను పరీక్షించి, ఇబ్బంది ఎక్కడుందో, అసలు ఉందో లేదో చెప్పడం నా పని. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లలో తెలుగు కుటుంబాలు పెరిగినకొద్దీ నా బల్లకు అవతల మనవాళ్లు కూర్చోవడమూ పెరిగింది. తెలుగు వినగానే స్థిమితపడతారు. తర్వాత గొంతు తగ్గించి పైన రాసిన ప్రశ్న అడుగుతారు.

అపోహ: స్పెషల్ ఎడ్యుకేషన్ (చదువులో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇచ్చే ప్రత్యేక బోధన) ముద్ర కాలేజీ దాకా, గ్రీన్‌కార్డు దాకా వెంటాడుతుంది.

రికార్డుల్లోకి ఎక్కే మాట నిజమే. అయితే ఆ ఫైలుకు విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం కాపలా ఉంది. చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, బయటివారికి ఇవ్వాలంటే మీ సంతకం కావాలి. కాలేజీకి వెళ్లే మార్కుల పత్రంలో మీ అమ్మాయికి ఐఈపీ (ఆ పిల్ల కోసమే బడిలో రాసే ప్రత్యేక బోధన ప్రణాళిక) ఉందని రాయరు. నేను చూసే తంటా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఐఈపీ హైస్కూలుతో ముగిసిపోతుంది. కాలేజీలో పరీక్షకు అదనపు సమయం కావాలంటే పిల్లలే వెళ్లి కాగితాలు చూపించి అడగాలి. ముద్ర పడుతుందని బెంగపడ్డవాళ్లే అప్పుడు పాత రిపోర్టు కోసం నాకు ఫోన్ చేస్తారు.

ఇక వీసా భయం. అనుమతి పత్రాలు లేని పిల్లలకైనా ఉచిత ప్రభుత్వ విద్య నిరాకరించకూడదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మన టెక్సస్‌లోని టైలర్ పట్టణంలోనే. ఇక తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను బట్టి వచ్చే హెచ్-4 మీద ఉన్న పిల్లల గురించి జంకడం ఎందుకు?

అపోహ: మార్కులు బాగానే వస్తున్నాయి కాబట్టి ఏ సాయానికీ అర్హత ఉండదు.

మనవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసేది ఇదే. నాలుగో తరగతి పిల్ల ఒకతె గుర్తుంది. అన్నిట్లో ‘ఎ’లే. టీచరు నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. “ఇంట్లో హోంవర్కుకు ఎంతసేపు పడుతుంది?” అని అడిగితే తల్లి కాసేపు మాట్లాడలేదు. రోజూ రాత్రి పది దాటేదాకా ఆమే పాఠం పైకి చదివి వినిపిస్తోంది, పిల్ల విని బట్టీ పడుతోంది. పరీక్షిస్తే డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది) బయటపడింది. ఆ మార్కుల్లో సగం తల్లివి! పిల్ల ఫెయిల్ కాకుండా ఏటా పై తరగతికి వెళుతున్నా, అవసరం ఉంటే సేవలు ఇవ్వాల్సిందేనని ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. ప్రత్యేక బోధన అక్కరలేదు, తరగతిలో కొన్ని సర్దుబాట్లు చాలు అనుకుంటే 504 ప్లాన్ అనే మరో దారీ ఉంది. డాక్టరు రాసిచ్చిన చీటీ పనికొస్తుంది కానీ, అదొక్కటే సరిపోదు.

అపోహ: బడిలో చేర్చే ఫారంలో ‘ఇంటి భాష ఇంగ్లిష్’ అని రాస్తే ఇ.ఎస్.ఎల్. (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే కార్యక్రమం) తప్పుతుంది, పిల్లాడికి మేలు జరుగుతుంది.

ఇ.ఎస్.ఎల్.లో ఉన్నంత మాత్రాన పిల్లలకు పై స్థాయి కోర్సులు మూసేయకూడదు. అంతగా వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసిచ్చి నిరాకరించవచ్చు. అబద్ధం రాస్తే నష్టం ఎక్కడంటే, రెండేళ్ల తర్వాత ఆ పిల్లాడు నా దగ్గరకు వచ్చినప్పుడు. వీలున్నంతవరకు పిల్లవాడి మాతృభాషలో పరీక్షించాలని చట్టం. కాగితంలో ఇంగ్లిష్ అని ఉంటే ఇంగ్లిష్‌లోనే పరీక్షించి, రాని భాషను లోపంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది.

అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ “తెలుగులో కూడా ఇంతేనా?” అనే. భాషాలోపం నిజంగా ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లోనే కనిపిస్తే అది నేర్చుకునే దశ. ఈ ప్రశ్నకు అమ్మానాన్నల కన్నా, ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మలు బాగా జవాబు చెబుతారు. “కాకి కథ చెప్పమంటే మొదలు మర్చిపోయి చివర చెబుతాడమ్మా” అని ఒకావిడ అన్న ఒక్క ముక్క నాకు గంటసేపు పరీక్షతో సమానం. తెలుగు మానేస్తే ఇంగ్లిష్ బాగుపడుతుందని ఎవరైనా సలహా ఇస్తే, టీచరైనా సరే, వినకండి.

అపోహ: టీచరుకు చెప్పాం కదా, వాళ్లే చూసుకుంటారు.

అడగనిదే అమ్మయినా పెట్టదు. ఇక్కడ నోటితో అడిగితే కూడా చాలదు. పరీక్ష చేయమని డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్యుకేషన్ అధికారికి రాతపూర్వకంగా ఇస్తే, 15 బడి దినాల్లో జవాబు రావాలి. మీరు సమ్మతి సంతకం పెట్టాక సాధారణంగా 45 బడి దినాల్లో రిపోర్టు పూర్తి కావాలి. ఈమెయిల్‌లో రెండు వాక్యాలు చాలు. తేదీ మాత్రం మరవకండి.

‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనే మాటకు ఈ రాష్ట్రంలో చరిత్ర ఉంది. 2004 నుంచి టెక్సస్ విద్యాశాఖ డిస్ట్రిక్టుల పనితీరును కొలిచేటప్పుడు స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు మొత్తం విద్యార్థుల్లో 8.5 శాతానికి మించకుండా ఉండడాన్ని గీటురాయిగా పెట్టుకుంది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది. మరుసటి ఏడాది శాసనసభ అలాంటి పరిమితులను నిషేధించింది. రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. పరిమితి పోయింది కానీ, వాయిదా వేసే అలవాటు అన్నిచోట్లా పోయిందని నేను చెప్పలేను.

చివరిగా ఆర్డ్ మీటింగు, అంటే తల్లిదండ్రులు, బడివాళ్లు కలిసి కూర్చుని పిల్లల సేవల గురించి నిర్ణయించే సమావేశం. ఐఈపీ ఖరారయ్యేది అక్కడే. బల్ల చుట్టూ ఆరేడుగురు కూర్చుంటే మనవాళ్లు మొహమాటంతో తలూపి సంతకం పెట్టేస్తారు. ఇంగ్లిష్ సౌకర్యంగా లేకపోతే ఖర్చు లేకుండా దుబాసీని అడగండి. ఒప్పుకోలేకపోతే పది బడి దినాల వరకు గడువు తీసుకోవచ్చు. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి అమ్మమ్మకు తెలుగులో చదివి వినిపించండి. ఆవిడ అడిగే ప్రశ్నలు రాసుకుని రండి.