కట్టకు డెబ్బై ఆకులు

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఇటు మహారాష్ట్రలోని సిరోంచ, అటు తెలంగాణలోని కాళేశ్వరం. ఎండాకాలం రెండు ఒడ్డుల్లోనూ బీడీలు చుట్టే తునికాకు పనే. లెక్క మాత్రం వేరు. తెలంగాణలో కట్టకు 50 ఆకులు, మహారాష్ట్రలో 70. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. అంటే ఏరు దాటి ఇటొస్తే బస్తాకు 20,000 ఆకులు ఎక్కువ తెంపాలి. బస్తా రేటు అటూ ఇటూ పోల్చి మాట్లాడేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

మంచి ఆకు ఊరికే రాదు. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో తునికి పొదల్ని నేలమట్టంగా నరకాలి. దీన్నే కొమ్మకొట్టుడు అంటారు. గొడ్డలి పదునుగా ఉండాలి, మొండిదైతే మోడు చీలి చిగురు బలంగా రాదు. 40–45 రోజులకు కొత్త ఆకు తెంపకానికొస్తుంది. ఇంకా ఎర్రగా ఉండగానే తెంపితే ఎండాక ముడుచుకుపోతుంది. ముదరనిస్తే బీడీ చుట్టేటప్పుడు పగులుతుంది. పురుగు వల్ల బుడిపెలు లేచిన ఆకు దేనికీ పనికిరాదు.

కల్లంలో కట్టలు వరుసగా పేర్చి, తిరగేస్తూ వారం పది రోజులు ఎండబెట్టాలి. బస్తాకెత్తే ముందు నీళ్లు చిలకరించాలి, లేదంటే ఆకు పొడైపోతుంది. మధ్యలో గాలివాన తగిలిందా, నల్లమచ్చలు, ఆపై బూజు.

కొమ్మకొట్టుడుకు కూలి కావాలి. అగ్గిపుల్ల చవక. అందుకే కొందరు చిగురు కోసం అడవికి నిప్పు పెడతారు. చిక్కేమిటంటే, నిప్పు పనిచేసినట్టే కనిపిస్తుంది. పైన కొమ్మ మాడినా తునికి వేరు లోతున బతికే ఉంటుంది, మళ్లీ పిలకలు వేస్తుంది. ఆ వేరు బలం ఇప్పలాంటి చెట్ల లేత మొలకలకు ఎక్కడిది? అవి మాడిపోతాయి. గింజ నుంచి లేచిన తునికి మొలకదీ అదే గతి. నేలను కప్పిన రాలుటాకు కాలి బూడిదైతే తొలివానకు పైమట్టి కొట్టుకుపోతుంది.

ఏటా నరికే పొద చెట్టు కాదు, కాయ కాయదు. ఎలుగుబంటి తిని గింజలు చల్లే తునికి పండు అక్కడ దొరకదు. అందుకని తలా కొన్ని మొక్కల్ని కత్తి పెట్టకుండా ఎదగనివ్వాలి.

1969 చట్టంతో మహారాష్ట్రలో ఈ వ్యాపారం సర్కారు చేతికి పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం తర్వాత సిరోంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో చాలా గ్రామసభలు ఆకును సొంతంగా వేలం వేసుకుంటున్నాయి. నిప్పు పెట్టరాదన్న షరతునూ, కొమ్మకొట్టుడు కూలినీ వేలం కాగితంలోనే రాయించుకుంటే ఆ ఖర్చు కాంట్రాక్టరు లెక్కలో పడుతుంది. రాయించాల్సింది ఫిబ్రవరికి ముందే. ఏప్రిల్లో రాస్తే అప్పటికే అడవి కాలి ఉంటుంది.