‘కియా ఓరా’ అన్నందుకు సీటు పోయిన రోజుల నుంచి

1984. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి. ట్రంక్‌కాల్స్ కలిపే ఆపరేటర్ నైడా గ్లావిష్ లైన్లోకి రాగానే ‘కియా ఓరా’ అనేవారు. మనం ‘నమస్కారమండీ’ అన్నట్టే, అది ఆ దేశపు మూలవాసులైన మావోరీల పలకరింపు. ఇంగ్లీషులోనే పలకరించాలని సూపర్‌వైజర్ పట్టుబట్టారు. ఆమె ఒప్పుకోలేదు, ఆ సీటు నుంచి తప్పించారు. విషయం పేపర్లకెక్కింది. దేశమంతా వాదించుకుంది. చివరికి పంచాయితీ ప్రధాని రాబర్ట్ మల్డూన్ దాకా వెళ్లింది. ఆమెకు ఉద్యోగం తిరిగొచ్చింది, కియా ఓరాతో సహా.

రెండు మాటలకు ఇంత రభసా అనిపిస్తుంది. కానీ దాని వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది. 1840లో బ్రిటిష్ రాణి తరఫు అధికారులు, మావోరీ పెద్దలు వైటాంగి ఒప్పందం మీద సంతకాలు చేశారు. భూములు, ఊళ్లు, తాము అపురూపంగా చూసుకునేవన్నీ మావోరీల అధీనంలోనే ఉంటాయని మావోరీ ప్రతిలో ఉంది. ఆ తర్వాత 1867 చట్టంతో మావోరీ పిల్లల కోసం వచ్చిన నేటివ్ స్కూళ్లలో చదువు ఇంగ్లీషులో సాగింది. బడిలో సొంత భాష మాట్లాడి దెబ్బలు తిన్న తరాలున్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊళ్లు వదిలి పట్నాల్లో పనులకు చేరినవాళ్లు వీళ్లే, వీళ్ల పిల్లలే. భాషా ఆచారమూ ఇంటి దగ్గరే వదిలి రావాలన్న బడి పాఠం పనిచోటా మారలేదు. బడుల్లో తమ భాష నేర్పాలని 1972లో 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ పెట్టారు. మావోరీ అధికార భాష కావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

నన్నడిగితే అసలు మలుపు 1988. ప్రభుత్వ శాఖలు ‘మంచి యజమాని’గా ఉండాలని ఆ ఏడాది వచ్చిన చట్టం చెప్పింది. మావోరీ ఉద్యోగుల అవసరాలను, ఆకాంక్షలను గుర్తించడం అందులో భాగం. అదే ఏడాది నర్సింగ్ చదువు మీద జరిగిన ఒక సభలో ఓ మావోరీ విద్యార్థిని లేచి నిలదీసింది. చట్టపరంగా, నైతికంగా, వైద్యపరంగా భద్రత అంటున్నారు సరే, మా సంస్కృతి భద్రత మాటేమిటని. ఆ ప్రశ్నను పట్టుకుని ‘సాంస్కృతిక భద్రత’ను ఒక పాఠంగా మలచినవారు మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్. ఇతరుల ఆచారాల చిట్టా బట్టీపట్టడం కాదు, నర్సు ముందు తన అలవాట్లను, తన చేతిలోని అధికారాన్ని చూసుకోవాలన్నారామె. భద్రంగా ఉందో లేదో చెప్పాల్సింది సేవ అందుకున్నవాళ్లే. 1992లో నర్సింగ్ కౌన్సిల్ దీన్ని చదువులో చేర్చింది. మరుసటి ఏడాదే పేపర్లలో గొడవ మొదలైంది. 1995 నాటికి పార్లమెంటు కమిటీ విచారణ దాకా పోయింది. పాఠం మాత్రం నిలిచింది.

ఆస్పత్రిలో పుట్టిన ఈ మాట మెల్లగా ఆఫీసులకూ పాకింది. ఇప్పుడు అడిగేది రోగి గురించి కాదు, పనిచోట ఉద్యోగి సంస్కృతికి భద్రత ఉందా అని. ఉదాహరణకు చావు సెలవు. మావోరీ ఇంట ఎవరైనా పోతే భౌతికకాయాన్ని ‘మరాయే’ అనే సామూహిక ప్రాంగణంలో ఉంచి, ఒంటరిగా వదలకుండా, సాధారణంగా మూడు రోజులు కార్యక్రమం సాగిస్తారు. 2003 సెలవుల చట్టం తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటివారు పోతే మూడు రోజులిచ్చింది. మిగతావాళ్లు పోతే ఒక్కరోజే, అదీ యజమాని ఒప్పుకుంటే. ఒప్పుకునేటప్పుడు ఉద్యోగికున్న సాంస్కృతిక బాధ్యతలను కూడా చూడాలని ఆ చట్టమే చెబుతోంది. పెదనాన్న పోతే ‘దగ్గరి బంధువేనా?’ అని హెచ్ఆర్ అడగడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

పార్లమెంటూ ఒక పనిచోటే కదా. 2021 ఫిబ్రవరిలో మావోరీ ఎంపీ రావిరి వైటిటి టైకి బదులు మెడలో సంప్రదాయ పతకం వేసుకుని వచ్చారు. స్పీకర్ బయటికి పంపేశారు. మర్నాడే టై నిబంధన పోయింది.

అయితే ఇచ్చినవి వెనక్కి పోవడమూ ఉంది. 2022లో ఏర్పడిన మావోరీ ఆరోగ్య సంస్థను 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. శాఖల పేర్లలో ఇంగ్లీషు ముందుండాలంది.

ఈ మధ్యలో ఆఫీసుల్లో ఇంకో రకం భారం తయారైంది. అతిథులొస్తే స్వాగతం పలకడానికి, మీటింగుకు ముందు ప్రార్థన చదవడానికి, మావోరీ పేరు ఎలా పలకాలో చెప్పడానికి అందరూ చూసేది ఆ అంతస్తులోని ఒక్క మావోరీ ఉద్యోగి వైపే. చాలాచోట్ల ఆ పని జాబ్‌చార్టులో ఉండదు, జీతంలోనూ ఉండదు.