పెనం మీదైతే పూత, ఫ్యాను మీదైతే జిడ్డు

సంక్రాంతి పది రోజులుందనగా మా ఇంట్లో బూజుకర్ర బయటికొస్తుంది. గదులన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. వంటిల్లు మాత్రం రెండు రోజులు తినేస్తుంది. అందులో సగం టైము ఎగ్జాస్ట్ ఫ్యానుకే. దాని రెక్క మీద తేనెరంగులో ఒక పొర ఉంటుంది. సబ్బునీళ్ళతో తుడిస్తే కదలదు. గోటితో గీకితే మైనంలా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. నిన్న మూకుడులోంచి సబ్బుతో ఇట్టే వదిలిన నూనే కదా ఇది, మరి ఇక్కడెందుకింత మొండిగా ఉంది?

ఎందుకంటే ఇది ఇప్పుడు నూనె కాదు, వార్నిష్. పోపు వేసినప్పుడు లేచే సన్నటి నూనె తుంపరలు పైకి పోయి అటక మీద, ట్యూబ్‌లైటు మీద, ఫ్యాను మీద వాలతాయి. అక్కడ గాలిలోని ఆక్సిజన్ నెమ్మదిగా నూనె అణువులతో కలుస్తుంది. ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుపోతాయి. దీన్నే పాలిమర్ అంటారు. చిత్రకారులు రంగుల్లో అవిసె నూనె కలిపేది ఇందుకే. అది ఆరదు, గట్టిపడుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో ఇలా అల్లుకునే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. నెయ్యిలో, కొబ్బరినూనెలో చాలా తక్కువ. అందుకే నెయ్యి మరక ఎన్నాళ్ళయినా మెత్తగానే ఉంటుంది, వేడినీళ్ళూ సబ్బూ తగిలితే వదులుతుంది.

సబ్బు చేసే పని విడిగా ఉన్న నూనె బొట్లను చుట్టుముట్టి నీళ్ళలోకి లాగడం. ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్న వలని అది లాగలేదు. ముందు ఆ ముడుల్ని తెంపాలి. తెంపేది క్షారం. వేడినీళ్ళ బకెట్‌లో గుప్పెడు బట్టల సోడా (సోడియం కార్బొనేట్) వేసి, విప్పిన ప్లాస్టిక్ రెక్కల్ని అరగంట నానబెట్టండి. నీళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. జిడ్డులో కొంత భాగం అక్కడికక్కడే సబ్బుగా మారుతుంది. ఆ నీళ్ళలో చెయ్యి పెడితే జారుడుగా తగులుతుంది కదా, మన చర్మం మీది నూనె కూడా సబ్బవుతోందన్నమాట. గ్లవ్స్ వేసుకోవాల్సింది అందుకే. వంట సోడాతో ఇంత పని జరగదు. క్షారం ఎంత ఘాటో చెప్పే అంకె పీహెచ్. దాని నీళ్ళ పీహెచ్ 8 చిల్లర, బట్టల సోడాది 11 దాకా ఉంటుంది. పీహెచ్‌లో ఒక్కో అంకెకీ పదింతల తేడా. అమ్మమ్మలు జిడ్డు గిన్నెలకి కట్టెల బూడిద, కొబ్బరి పీచు పట్టేవారు. బూడిదలో ఉండేది పొటాషియం కార్బొనేట్, బట్టల సోడాకి దగ్గరి చుట్టం. గ్యాస్ పొయ్యి వచ్చాక బూడిద పోయింది, జిడ్డు మాత్రం ఉండిపోయింది.

ఒక్క జాగ్రత్త: అల్యూమినియం వస్తువుల్ని ఆ బకెట్‌లో వెయ్యకండి. వాటిని కాపాడే పైపొరను క్షారం కరిగించేస్తుంది, నల్లబడతాయి.

ఇత్తడి చెంబుకీ, కుళాయి మీది తెల్లటి ఉప్పుకీ లెక్క తిరగబడుతుంది. బోరు నీళ్ళు మిగిల్చే ఆ తెల్ల పొర చాలావరకు కాల్షియం కార్బొనేట్, దానికి కావాల్సింది ఆమ్లం. నిమ్మ చెక్కతో రుద్దితే సన్నగా బుడగలొస్తాయి. చెంబుకి చింతపండు. అందులోని టార్టారిక్ ఆమ్లం చిలుముని కరిగిస్తుంది, కింద లోహం తళుక్కుమంటుంది. జిడ్డుకి క్షారం, చిలుముకి ఆమ్లం. మరి వీడియోల్లో రెండూ కలిపి సింకులో పోస్తారేమిటి? వంట సోడా మీద వెనిగర్ పడగానే నురగ చూడముచ్చటగా పొంగుతుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. అది పోయాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళు, ఒకదాని బలం ఇంకోటి తినేస్తుంది. ఇదన్నా డబ్బు దండగతో పోతుంది. బ్లీచ్‌లో యాసిడ్ కలిస్తే మాత్రం క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి నిజంగా ప్రమాదం. ఆ రెండు సీసాలూ ఒకే రోజు తియ్యకండి.

తోమడం కంటే కష్టం పారెయ్యడం. సింకు కింద కవర్లతో నిండిన ఒక పెద్ద కవరు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. దాని పక్కన మిక్సీ అట్టపెట్టె, 'ఎప్పుడైనా పనికొస్తుంది' అని దాచింది. బొద్దింకకి అంతకంటే మంచి ఇల్లు దొరకదు: ఒళ్ళు రెండు వైపులా ఆనేంత ఇరుకు, చీకటి, పక్కనే నీళ్ళు. వంటిళ్ళలో తిరిగే చిన్న గోధుమరంగు రకానికి జర్మన్ బొద్దింక అని పేరు. 1767లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడు. తీరా 2024లో జన్యువులు పరిశీలిస్తే, సుమారు 2,100 ఏళ్ళ కిందట ఇండియాలోనో మయన్మార్‌లోనో పుట్టిందని తేలింది. మన దగ్గరి సరుకే, పేరు మాత్రం విదేశీ! ఆడది మోసుకు తిరిగే ఒక్క గుడ్ల సంచిలో 30, 40 గుడ్లుంటాయి. మందు కొట్టే ముందు ఆ అట్టపెట్టె బయటికి పోవాలి.

బియ్యం డబ్బాది ఇంకో కథ. ముక్కుపురుగు గింజకి రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. ఎండలో పోస్తే తిరిగే పురుగులు పారిపోతాయి, గింజ లోపలివి చాలావరకు అలాగే ఉంటాయి. నెల తిరిగేసరికి 'మళ్ళీ ఎక్కడినుంచి వచ్చాయో' అనుకుంటాం. అడుగున పాత బియ్యం ఉండగా పైన కొత్తవి పోయడం వల్ల వాటికి సంసారం ఆగకుండా సాగుతుంది. డబ్బా ఖాళీ చేసి, కడిగి, బాగా ఆరాక పొయ్యండి. కొద్దిపాటి రవ్వ, మైదా అయితే నాలుగైదు రోజులు ఫ్రీజర్లో ఉంచితే సరి.

పోయినేడు ఈ హడావుడిలో మా దోసెల పెనం కూడా సోడా బకెట్‌లోకి పోయింది. తీసేసరికి బూడిదరంగు ఇనుము. మర్నాడు మొదటి దోసె ముక్కలు ముక్కలుగా లేచింది. పెనం మీద ఉండే ఆ నల్లటి నునుపు కూడా, ఫ్యాను రెక్క మీది జిడ్డులాగే, వేడికి గట్టిపడి అల్లుకుపోయిన నూనే. సోడాకి ఆ తేడా ఏం తెలుస్తుంది? తుడిచి, చుక్క నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి మళ్ళీ రాశాం. నాలుగోసారికి రంగు తిరిగింది. సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది అట్టు పోస్తే, అంచు దానంతటదే లేచింది.