గేమింగ్ హెడ్‌ఫోన్స్: కొనేవాళ్ల దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసి, సౌండ్ సెట్ చేసి ఇవ్వడం నా పని. హెడ్‌ఫోన్స్ కోసం వచ్చే కుర్రాళ్లలో చాలామంది చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కకముందే డిసైడైపోయి ఉంటారు: సెవెన్ పాయింట్ వన్ (7.1, అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక బాస్ స్పీకర్ ఉన్నట్టు వినిపించే సరౌండ్ సౌండ్) ఉండాలి, డ్రైవర్ (శబ్దం పుట్టించే లోపలి చిన్న స్పీకర్) పెద్దది ఉండాలి, బాస్ గట్టిగా కొట్టాలి. ఎదుటివాడు ఎటు నుంచి వస్తున్నాడో వినడానికి మొదటి రెండూ పెద్దగా సాయపడవు, మూడోది అడ్డం కూడా వస్తుంది. ఆ డబ్బు అమ్మానాన్నలు ఇచ్చిందో, మొదటి జీతంలోంచి తీసిందో అయి ఉంటుంది. అది డబ్బా మీది అంకెలకు కాకుండా చెవికి పనికొచ్చే వాటికి ఖర్చవ్వాలని ఇదంతా రాస్తున్నాను.

అపోహ: 7.1 హెడ్‌సెట్ అయితేనే అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలుస్తుంది.

వాస్తవం: మీకు ఉన్నవి రెండు చెవులు, మార్కెట్లో దొరికే 7.1 హెడ్‌సెట్లలో దాదాపు అన్నిటిలో ఉన్నవీ రెండు డ్రైవర్లే. రేజర్ టియామాట్ లాంటి ఒకటి రెండు మోడల్స్‌లో నిజంగానే పది చిన్న డ్రైవర్లు పెట్టారు కానీ ఆ దారిలో ఎక్కువమంది నడవలేదు. మిగతావన్నీ సాఫ్ట్‌వేర్‌తో చేసే పని. మన మెదడు దిక్కును ఎలా పసిగడుతుందంటే, కుడివైపు చప్పుడైతే అది కుడి చెవికి ముందు చేరి, ఎడమ చెవికి కొద్దిగా ఆలస్యంగా, కొద్దిగా తగ్గి చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువనుకున్నా ఒక మిల్లీసెకను కూడా ఉండదు. ఇక ముందా వెనకా, పైనా కిందా అన్నది చెవి డొప్ప మలుపుల్లో తగిలి శబ్దం మారే తీరు నుంచి తెలుస్తుంది. ఈ మార్పులన్నీ లెక్కగట్టి రెండు ఛానెళ్లలోనే కలిపి ఇచ్చే పద్ధతినే హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు, దాన్ని బాగా చేయగలిగేది ఆటే. ఎందుకంటే చప్పుడు మ్యాప్‌లో సరిగ్గా ఎక్కడ పుట్టిందో ఆటకు తెలుసు, హెడ్‌సెట్‌కు తెలియదు. వాలరెంట్ అనే షూటింగ్ ఆటలో ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్పీకర్‌ను స్టీరియోలో ఉంచి హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్ చేస్తే చాలు. కౌంటర్ స్ట్రైక్ 2లో హెడ్‌ఫోన్స్‌కు ఈ పని ఆటే చేసిపెడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఆట ఒకసారి ఈ లెక్క వేసి పంపిన శబ్దాన్ని హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1 బటన్ ఇంకోసారి ప్రాసెస్ చేస్తుంది, పైన విండోస్ సోనిక్ (విండోస్‌లోనే ఉండే సరౌండ్ సౌకర్యం) కూడా ఆన్ చేసి ఉంటే మూడోసారి. చివరికి మీకు వినపడేది బాత్రూంలో మాట్లాడినట్టు గుయ్‌మంటూ, ముందున్నవాడూ వెనకున్నవాడూ ఒకేలా ఉండే శబ్దం. ఒక్కటే ఉంచండి. ఆటలో ఆ సౌకర్యం ఉంటే అదొక్కటే ఆన్‌లో ఉంచి మిగతావి ఆపేయండి. ఆటలో లేకపోతే, కథ నడిచే సింగిల్ ప్లేయర్ ఆటల్లాంటివైతే, విండోస్ సోనిక్ ఉచితమే, పెట్టి చూడండి. అందరి చెవి డొప్పలూ ఒకేలా ఉండవు కాబట్టి ఒకరికి బాగా కుదిరింది ఇంకొకరికి కుదరకపోవచ్చు. అందుకని ప్రాక్టీస్ మ్యాప్‌లో స్నేహితుణ్ని మీ చుట్టూ నడవమని, కళ్లు మూసుకుని వేలితో చూపించి సరిచూసుకోండి.

అపోహ: 50 ఎంఎం డ్రైవర్ 40 ఎంఎం కన్నా మంచిది, 40 కిలోహెర్ట్జ్ దాకా పలికేది 20 దాకా పలికేదానికన్నా మంచిది.

వాస్తవం: మనిషి చెవికి వినపడేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకే, వయసు పెరిగే కొద్దీ పైది ఇంకా తగ్గుతుంది. డ్రైవర్ సైజు కూడా అంతే, దాన్ని ఎలా ట్యూన్ చేశారు, కప్పు చెవికి ఎలా ఆనింది అన్నవే ముఖ్యం. చెవిలో పెట్టుకునే ఇన్‌ఇయర్స్‌లో చాలావాటికి సుమారు 10 ఎంఎం డ్రైవర్లే ఉంటాయి, రెండు వేల లోపు దొరికే మంచి వైర్డ్ ఇన్‌ఇయర్స్ అదే ధర గేమింగ్ హెడ్‌సెట్ల కన్నా శుభ్రంగా వినిపించడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: డబ్బా మీద 'గేమింగ్' అని ఉంటేనే ఆటలకు పనికొస్తుంది.

వాస్తవం: శబ్దానికి గేమింగ్ అని వేరే జాతి లేదు. బేయర్‌డైనమిక్ ఎంఎంఎక్స్ 300 అనే ఖరీదైన గేమింగ్ హెడ్‌సెట్ ఆ కంపెనీవాళ్ల స్టూడియో హెడ్‌ఫోన్ డీటీ 770 మీద ఆధారపడి చేసిందే. గేమింగ్ హెడ్‌సెట్‌లో మీకు నిజంగా అదనంగా వచ్చేది మైక్. ఇప్పటికే మంచి హెడ్‌ఫోన్స్ ఇంట్లో ఉంటే ఒక చిన్న మైక్ విడిగా కొనుక్కోండి, సరిపోతుంది.

ప్రో ప్లేయర్ పెట్టుకున్నదే కావాలని అడిగేవాళ్లకు ఇంకో మాట. పెద్ద కౌంటర్ స్ట్రైక్ టోర్నమెంట్లలో స్టేజీ మీద ఆటగాళ్లు చాలాసార్లు చెవి లోపల ఇన్‌ఇయర్స్ పెట్టుకుని ఆట శబ్దం వాటిలో వింటారు. పైన కనిపించే పెద్ద హెడ్‌సెట్ జనం అరుపులు వినపడకుండా ఆపడానికి, అందులో హోరులాంటి వైట్ నాయిస్ నడుస్తుంటుంది. మీకు కెమెరాలో కనిపించేది ఆ పైదే.

అపోహ: బాస్ ఎంత ఎక్కువైతే ఆట అంత బాగా వినపడుతుంది.

వాస్తవం: పేలుళ్లు దద్దరిల్లుతాయి, ఆ సరదా నిజమే, కథ ఆటలకు నేనూ కాదనను. పోటీ ఆటల్లో మాత్రం ఇది నష్టం. కింది స్థాయి శబ్దాలు గట్టిగా ఉంటే వాటికి పైనున్న సన్నని శబ్దాల్ని మింగేస్తాయి, మన చెవి లోపలి నిర్మాణమే అలాంటిది. గ్రెనేడ్ పేలిన వెంటనే మెట్ల మీద అడుగులు వినపడకపోవడానికి సగం కారణం ఇదే. ఈక్వలైజర్ ఏపీఓ అని విండోస్‌కు ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాంట్లో 100 హెర్ట్జ్ కింద ఓ 4, 5 డెసిబెల్స్ తగ్గించి ఒక గేమ్ ఆడి చూడండి. పెంచడం కన్నా తగ్గించడమే మంచిది. ఎక్కడైనా పెంచాల్సి వస్తే ప్రీయాంప్‌ను (అందులోనే ఉండే మొత్తం సౌండ్ స్థాయిని) అంతే తగ్గించాలి, లేకపోతే గట్టి శబ్దాల దగ్గర సౌండ్ చిట్లుతుంది. యూట్యూబ్‌లో 'ఫుట్‌స్టెప్ ఈక్యూ' అని అందరికీ ఒకటే చూపిస్తారే, అది ఆ మనిషి హెడ్‌ఫోన్‌కు, ఆ ఆటకు కుదిరింది. మీ హెడ్‌ఫోన్‌లో ఆ పెంచిన శబ్దాలు ముందే ఎక్కువ ఉంటే చెవిలో సూదులు గుచ్చినట్టవుతుంది.

విండోస్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అనే టిక్ మార్క్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా గేమింగ్ కేఫ్‌ల్లో ఇది ఆన్‌లో ఉంటుంది. చిన్న శబ్దాల్ని పెంచి పెద్దవాటిని తగ్గిస్తుంది కాబట్టి మొదటి రోజు 'అబ్బా, అడుగులన్నీ వినపడుతున్నాయి' అనిపిస్తుంది. కానీ దూరం ఎంతో తెలిసేదే ఆ చిన్నా పెద్దా తేడా వల్ల. పక్క గదిలో ఉన్నవాడూ రెండు గదుల అవతల ఉన్నవాడూ ఒకేలా వినపడితే మీరు ఎప్పుడు తిరగాలో ఎలా తెలుస్తుంది? దాన్ని ఆఫ్‌లో ఉంచి అలవాటు పడమనే నా సలహా. పనిలో పనిగా సౌండ్ సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్ తెరిచి 'డు నథింగ్' పెట్టండి. మామూలుగా అక్కడ కాల్ వచ్చినప్పుడు మిగతా శబ్దాల్ని 80 శాతం తగ్గించమని ఉంటుంది. స్క్వాడ్‌లో ఎవరో మాట్లాడగానే ఆట సౌండ్ పడిపోతోందని కొత్త హెడ్‌సెట్‌ను వాపసు తెచ్చేవాళ్లు ఉన్నారు, తప్పు హెడ్‌సెట్‌ది కాదు.

అపోహ: బ్లూటూత్ ఇప్పుడు వైర్‌తో సమానం.

వాస్తవం: పాటలకు సమానమే అనుకోండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా వస్తుంది. సినిమా ప్లేయర్ అయితే బొమ్మను కూడా అంతే ఆపి సరిచేస్తుంది, ఆట అలా ఆపలేదు. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో 200 మిల్లీసెకన్లంటే 12 ఫ్రేములు. ఫోన్‌లో బీజీఎంఐ ఆట ఆడే తమ్ముళ్లు 'అన్నా, వాడు కొట్టాక సౌండ్ వస్తోంది' అనేది ఇందుకే. ఇంకో దెబ్బ ఏమిటంటే, కంప్యూటర్‌లో ఆ బ్లూటూత్ హెడ్‌ఫోన్ మైక్ ఆన్ చేయగానే చాలావాటిలో కనెక్షన్ ఫోన్ కాల్ మోడ్‌కు మారిపోతుంది, శబ్దం మోనో అవుతుంది, కుడీ ఎడమా తేడానే పోతుంది. తప్పనిసరిగా అదే వాడాలంటే మైక్‌గా ల్యాప్‌టాప్‌ది ఎంచుకోండి, హెడ్‌ఫోన్ స్టీరియోలోనే ఉండిపోతుంది.

యూఎస్‌బీ డాంగుల్‌తో (పోర్టులో పెట్టే చిన్న రిసీవర్‌తో) వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ హెడ్‌సెట్లు వేరు, వాటిలో ఆలస్యం ఆటకు అడ్డం వచ్చేంత ఉండదు. కానీ డాంగుల్‌ను క్యాబినెట్ వెనక, ఇనుప రేకు చాటున, యూఎస్‌బీ 3 పోర్టు పక్కన పెట్టి సౌండ్ తెగిపోతోందంటారు. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రేడియో రొద వస్తుంది. ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగుల్‌ను టేబుల్ మీదకు తెచ్చుకోండి. అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్లలోలా గదికో రౌటర్ ఉన్న చోటైతే మీ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకుంటే ఇంకా నయం.

అపోహ: మైక్ పనిచేయలేదు, జుయ్యిమంటోంది అంటే హెడ్‌సెట్ పాడైనట్టే.

వాస్తవం: నా దగ్గరకొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే, ఎక్కువ భాగం హెడ్‌సెట్ బాగానే ఉంటుంది. ముందు పిన్ చూడండి. నల్ల గీతలు మూడు ఉంటే సౌండూ మైకూ కలిసిన పిన్, రెండు ఉంటే సౌండ్ ఒక్కటే. మూడు గీతల పిన్నును డెస్క్‌టాప్ ఆకుపచ్చ రంధ్రంలో పెడితే సౌండ్ వస్తుంది, మైక్ రాదు. ఆకుపచ్చకూ గులాబీకీ విడిగా వెళ్లే స్ప్లిటర్ కావాలి, పెద్ద ధర కాదు, కోఠి గుజరాతీ గల్లీలో ఎక్కడైనా దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లకూ, పీఎస్5, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకూ మూడు గీతల పిన్ నేరుగా పనిచేస్తుంది.

జుయ్యిమనే శబ్దం విషయానికొస్తే, ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి వినండి. ఆగిపోతే అది కరెంటు వైపు సమస్య. పాత ఫ్లాట్లలో, పైన కట్టిన పెంట్‌హౌస్ గదుల్లో ఎర్తింగ్ సరిగా ఉండదు, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌కు తగిలించి వాడుతుంటారు. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి చిన్నగా జిల్లుమంటుందా, అయితే హెడ్‌సెట్ మార్చడం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, అది సౌండ్ కన్నా ముందు మీ ప్రాణానికి సంబంధించిన పని. ఎర్తింగ్ బాగానే ఉండి, మౌస్ కదిపినప్పుడో గేమ్ మొదలైనప్పుడో మాత్రమే కీచుమంటే, ముందువైపు జాక్ వదిలి వెనక మదర్‌బోర్డు జాక్‌లో పెట్టండి. ముందు జాక్‌కు వెళ్లే సన్న వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కగా వెళ్తూ ఆ రొదంతా మోసుకొస్తుంది. అప్పటికీ తగ్గకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు చాలాసార్లు పని చేసిపెడుతుంది.

మైక్‌ను నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివర నుంచి రెండు వేళ్ల దూరంలో పెట్టండి, ఊపిరి దాని మీద పడదు. మైక్రోఫోన్ బూస్ట్ పెంచితే మీ గొంతుతో పాటు సీలింగ్ ఫ్యానూ, వంటింట్లో కుక్కర్ విజిలూ పెరుగుతాయి.

అపోహ: డబ్బా మీద ఈఎన్‌సీ అని ఉంది, కాబట్టి బయటి చప్పుడు నాకు వినపడదు.

వాస్తవం: ఈఎన్‌సీ మీ మైక్‌లో చుట్టుపక్కల రొద తగ్గించడానికి, లాభం అవతలివాళ్లకు. మీ చెవికి బయటి రొద తగ్గించేది ఏఎన్‌సీ, దానికన్నా ముందు కప్పు చెవి చుట్టూ సరిగ్గా ఆనడం. కళ్లజోడు కాడ దగ్గర సందు ఏర్పడితే బాస్ కారిపోతుంది, బయటి చప్పుడు లోపలికొస్తుంది. సన్నకాడల జోడు, మెత్తని కుషన్లు ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. కప్పు వెనక మూసి ఉండని ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ విశాలంగా వినిపిస్తాయి, చెవికి గాలి ఆడుతుంది, కానీ ఫ్యాను చప్పుడూ రోడ్డు హారన్లూ నేరుగా లోపలికి వస్తాయి, మీ ఆట చప్పుడు పక్క మంచం మీద పడుకున్నవాళ్లకు వినపడుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో ఆడేవాళ్లు మాత్రం రెక్సిన్ కుషన్ల కన్నా గుడ్డ కుషన్లే చూసుకోండి, చెమటకు రెక్సిన్ పొట్టు రాలి మెడ నిండా అంటుకుంటుంది.

ఆంప్ (హెడ్‌ఫోన్‌కు వెళ్లే సౌండ్‌కు బలం ఇచ్చే యాంప్లిఫైయర్) కొనాలా అని కూడా అడుగుతారు. ఇంపెడెన్స్ అంకె 32 ఓమ్స్ దగ్గరున్న మామూలు హెడ్‌సెట్లకు అక్కర్లేదు. 250 ఓమ్స్ స్టూడియో రకాలు కొంటేనే ఆ ఆలోచన.

అపోహ: వాల్యూమ్ పెంచితే అడుగులు బాగా వినపడతాయి, హెడ్‌ఫోన్స్‌తో చెవులకు ఏం కాదు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 90 దగ్గరికి వచ్చేసరికి వారానికి 4 గంటలే మిగులుతాయి. పిల్లలకైతే హద్దు 75. ఆటలో తుపాకీ మోతలు ఒక్కసారిగా వచ్చిపడతాయి కాబట్టి పాటల కన్నా జాగ్రత్త ఎక్కువే కావాలి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. వాల్యూమ్‌ను మ్యాచ్ మధ్యలో కాకుండా లాబీలో, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పెట్టుకోండి, పక్కనున్నవాళ్లు మామూలుగా పిలిస్తే వినపడేంత ఉంటే చాలు. బయటి రొద వల్ల పెంచాల్సి వస్తోందంటే మార్చాల్సింది కుషన్, మూయాల్సింది కిటికీ. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో అదే హెడ్‌సెట్ వాడుతుంటే, వాళ్లకు ఇచ్చేముందు విండోస్‌లో మాస్టర్ వాల్యూమ్ తగ్గించి ఇవ్వండి. ఆట ఆపాక చెవిలో గుయ్‌మని మోగుతూ మర్నాటికీ తగ్గలేదంటే కొత్త హెడ్‌ఫోన్స్ కోసం మా దగ్గరకు రావద్దు, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికో మీకు దగ్గర్లోని చెవి డాక్టర్ దగ్గరకో వెళ్లి చూపించుకోండి.