పోయేటప్పుడూ కిందికే, వచ్చేటప్పుడూ కిందికే

తిరుపతి

బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ వాయిస్ మెసేజ్ విన్నాను. అవ్వ కూడా మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నది. కార్డిఫ్ నుంచి మీ అత్త పంపిన రెండు వీడియోలు చూసి చిన్నోడు అడిగిన మాట ఇది: "పొద్దున సముద్రంలోకి పోయేటప్పుడు పడవ గోడల మధ్య కిందికి దిగింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కూడా కిందికే దిగింది. దిగింది మళ్ళీ ఎట్లా దిగుతుంది తాతా? ఎక్కాలి కదా?"

ఎక్కాలి, నిజమే. మీ నాన్న ఆ వీడియోలు చూశాడు, నేనూ చూశాను, అవ్వా చూసింది. ఆ సంగతి పట్టుకున్నది మాత్రం చిన్నోడు. ఇలాంటి ప్రశ్నకు ఫోన్లో జవాబు చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు ఆ చోటు సంగతి. కార్డిఫ్ వేల్స్‌కు రాజధాని. బ్రిస్టల్ చానల్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉంది. టాఫ్, ఈలీ అనే రెండు నదులు అక్కడ సముద్రంలో కలుస్తాయి. ఆ కలిసే చోట 1.1 కిలోమీటర్ల పొడవున ఒక కట్ట కట్టారు. 1999లో పూర్తయింది. కట్టకు వెనక నదుల నీళ్ళు నిలిచి 200 హెక్టార్ల మంచినీళ్ళ చెరువు అయింది. ఆ చెరువు అంచునే పెనార్త్ మెరీనా, అంటే పడవలు కట్టేసుకునే చోటు. నీళ్ళ మీద తేలే నడకదారులు వేసి ఉంటాయి. వాటికి రెండు వైపులా పడవలు వరుసగా నిలబడతాయి. ఎవరి చోటు వాళ్ళదే. చోటు పక్కనే నీళ్ళ కుళాయి, కరెంటు ప్లగ్గు. సెలవు రోజు వస్తే ఒకాయన పడవకు రంగు వేసుకుంటుంటాడు, ఇంకొకామె తెరచాప చిరుగు కుట్టుకుంటుంటుంది, ఎవరో టీ కాస్తుంటారు. మీ అత్తా మామా సెకండ్‌హ్యాండులో కొన్న ఆ చిన్న తెరచాప పడవ ఉండేది అక్కడే.

సముద్రంలోకి పోవాలంటే కట్ట దాటాలి. కట్టకు మూడు లాకులున్నాయి. చిన్నోడు చూసిన గోడలు లాకు గోడలే.

మొన్న సెలవుల్లో దర్శనానికి వచ్చినప్పుడు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నాం, గుర్తుందా? మనల్ని ఒక కంపార్ట్‌మెంటులోకి పంపారు. వెనక గేటు మూశారు. ముందు గేటు మాత్రం తెరవలేదు. అవతల ఖాళీ అయ్యాక, లెక్క సరిపోయాక అప్పుడు తెరిచారు. లాకు కూడా అంతే, నీళ్ళకు కట్టిన కంపార్ట్‌మెంటు. పడవలు లోపలికి వస్తాయి. వెనక గేటు మూసుకుంటుంది. ముందు గేటు వెంటనే తెరవరు. తూము తెరిచి లోపలి నీళ్ళను మెల్లగా వదులుతారు. పల్లానికి పోవడానికి నీళ్ళకు మోటారు అక్కర్లేదు. లోపలి మట్టం, బయటి సముద్రం మట్టం సమానమయ్యాక ముందు గేటు తెరుచుకుంటుంది. రెండు గేట్లూ ఒక్కసారిగా తెరిస్తే వెనక కంపార్ట్‌మెంట్ల జనమంతా ముందువాళ్ళ మీద పడిపోరా? నీళ్ళూ అట్లాగే పడతాయి. అందుకే ఎప్పుడూ ఒకటి తెరిచి ఉంటే రెండోది మూసే ఉంటుంది.

మనకు కంపార్ట్‌మెంటులో పాలు, ఉప్మా ఇచ్చారు. అవ్వ పక్కన కూర్చున్న అనంతపురం ఆమెతో మాట కలిపింది. గేటు తెరిచేలోపు ఇద్దరూ మనవళ్ళ చదువుల దాకా వెళ్ళిపోయారు. లాకులోనూ అదే జరుగుతుందట. పక్క పడవలో ఉన్న ముసలి దంపతులు మీ అత్తకు బిస్కెట్లు అందించారు, అత్త వాళ్ళకు జంతికలు ఇచ్చింది. వాళ్ళ కుక్క ఈ పడవలోకి మెడ చాచి వాసన చూసింది. గేటు తెరుచుకోగానే మన దగ్గర గోవిందా అంటారు, అక్కడ పచ్చ లైటు వెలుగుతుంది. లాకులోకి రావాలంటే ముందుగా రేడియోలో పిలిచి అనుమతి అడగాలి, వంతు వచ్చేదాకా బయట ఆగాలి. ఆగడం చేతకానివాడికి పడవ ఇవ్వకూడదని మీ మామ అంటాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. కంపార్ట్‌మెంటులో గేటు పట్టుకుని ఊపే పిల్లలు కూడా వింటే బాగుంటుంది.

నేను లాకు చూసింది ఆ దేశంలో కాదు, మన పక్కనే. చిన్నప్పుడు మేం చిత్తూరులో ఉండేవాళ్ళం. మాకు నది అంటే నీవా నది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నీళ్ళంటే బావిలోవి, చెరువులోవి, అంతే. మా మేనమామ సూళ్ళూరుపేటలో ఉండేవాడు. వేసవి సెలవుల్లో అక్కడికి పోతే బకింగ్‌హాం కాలువ చూపించడానికి తీసుకుపోయేవాడు. సముద్రం ఒడ్డు వెంబడే, పులికాట్ సరస్సు గుండా మద్రాసు దాకా పోయే ఉప్పునీటి కాలువ అది. 1806లో మద్రాసు దగ్గర తవ్వడం మొదలుపెట్టారు. 1877-78 కరువులో తిండి లేక అల్లాడే జనానికి పని కల్పించడానికి మద్రాసు ఊరి మధ్య ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే కాలువకు నిలిచింది. నా చిన్నప్పుడు కూడా సరుగుడు కట్టెలు, ఉప్పు వేసుకుని పడవలు పోతుండేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గడ. అదీ సాగకపోతే మనుషులు దిగి ఒడ్డున నడుస్తూ తాడు భుజాన వేసుకుని పడవను లాగేవాళ్ళు. ఆ భుజాలు చూశాక ఇంట్లో కట్టెల బరువు మోయమంటే నేను ఎప్పుడూ సణగలేదు.

ఆ కాలువకు అక్కడక్కడా లాకులుండేవి. ఒక పడవాయన తాడును రాతి గుంజకు ఒక చుట్టు చుట్టి, కొస చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ముడి వెయ్యలేదు. నీళ్ళు దిగేకొద్దీ తాడు బెత్తెడు బెత్తెడు వదులుతున్నాడు. గుంజకు తాడు ఒరుసుకుని ఒరుసుకుని రాయి మీద వేలు పట్టేంత గాడి పడి ఉంది. ముడి ఎందుకు వెయ్యలేదని అడిగితే, "ముడేస్తే నీళ్ళు పోతాయి, పడవ గోడకు వేలాడుతుంది" అన్నాడు. కార్డిఫ్ లాకులో ఆ చింత లేదు. లోపల కూడా నీళ్ళతో పాటు తేలే తెప్ప వేదికలున్నాయి. పడవను దానికి కట్టుకుంటే వేదికా పడవా కలిసే దిగుతాయి.

సరే, చిన్నోడి ప్రశ్నకు వద్దాం. మీ అత్తా వాళ్ళు పోయింది జ్యేష్ఠ పౌర్ణమి దాటిన మరుసటి రోజు. పోటు అంటే సముద్రం ఎక్కడం, పాటు అంటే దిగడం. ఆ రోజుల్లో పోటు పెద్దది, పాటూ పెద్దది. కార్డిఫ్‌లో ఆ పొద్దున ఏడున్నర ప్రాంతంలో పోటు నిండింది. అప్పటి నుంచి సముద్రం దిగడం మొదలైంది. పది గంటలకు వీళ్ళు లాకులోకి వచ్చేసరికి సముద్రం చెరువు కన్నా చాలా కిందికి పోయి ఉంది. అందుకని పడవ దిగింది. ఒంటి గంట దాటాక పాటు ముగిసింది. ఆ తర్వాత సముద్రం మళ్ళీ ఎక్కడం మొదలైంది. సాయంత్రం ఏడు దాటాక వీళ్ళు తిరిగొచ్చేసరికి పోటు నిండింది. ఎంత నిండిందంటే, చెరువు మట్టాన్ని కూడా దాటిపోయింది! సముద్రం పైన, చెరువు కింద. లోపలికి రావాలంటే మళ్ళీ దిగాల్సిందే.

మరి ఎక్కింది ఎప్పుడు? మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కుతూనే ఉన్నారు నాన్నా. లాకులో కాదు, బయట. సముద్రమే వాళ్ళను పడవతో సహా ఎత్తింది. అక్కడ పెద్ద పోటు రోజుల్లో నీళ్ళు పదకొండు పన్నెండు మీటర్లు లేస్తాయి, మూడంతస్తుల మేడ కన్నా ఎక్కువ ఎత్తు. కంపార్ట్‌మెంటులో మనం కునుకు తీస్తుండగా నేల లేచి మనల్ని మహాద్వారం దగ్గర దించితే ఎట్లా ఉంటుంది! వాళ్ళకు ఏమీ తెలియలేదు. పులిహోర తింటూ ఉన్నారు.

మన ఒడ్డున పోటుకూ పాటుకూ తేడా మీటరు దాకా ఉంటుంది, అంతే. చంద్రుడు ఒకడే, సూర్యుడూ ఒకడే, మరి అక్కడ అంత ఎందుకు? బ్రిస్టల్ చానల్ అట్లాంటిక్ సముద్రం వైపు చాలా వెడల్పు. లోపలికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. వచ్చే నీళ్ళకు పక్కలకు జరిగే చోటు లేదు, పైకి లేవడం ఒక్కటే దారి. ఇంతకంటే పెద్ద పోట్లు కెనడాలోని ఫండీ అఖాతంలో ఉన్నాయి. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. అంత దూరం నుంచి సముద్రాన్ని పట్టి లేపుతున్నాడు, పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకోసారి, మీ అత్త పుట్టక ముందు నుంచీ, మనుషులెవరూ పుట్టక ముందు నుంచీ. ఇక్కడ బొమ్మలు గీసి వివరించగలను కానీ గీయను. ఈ మాట ఒక రాత్రి మేడ మీద పడుకుని చంద్రుణ్ణి చూస్తూ తలుచుకోండి.

పోటు వేళ రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే పడవవాళ్ళు గడియారం కంటే ముందు పోటు వేళల పట్టిక చూస్తారు. మీ అత్తా వాళ్ళు ఆ రోజు పాటుతో పాటే బయటికి పోయారు, పోటుతో పాటే ఇంటికొచ్చారు. ఎదురు పోతే? ఒకసారి పోయి చూశారట. పెద్ద పోటు రోజుల్లో అక్కడ నీటి పరుగు గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు దాటుతుంది. చిన్న పడవ వేగమూ దాదాపు అంతే. ఇంజను మోగుతోంది, పడవ పక్క నుంచి నురగ పరుగెత్తుతోంది, ఒడ్డున చెట్టు మాత్రం ఎంతసేపైనా పక్కనే ఉంది. డీజిల్ ఖర్చు, టెన్షన్ తప్ప అడుగు కదల్లేదు.

వాళ్ళు చుట్టి వచ్చిన చిన్న దీవి పేరు ఫ్లాట్ హోమ్. ఒక లైట్‌హౌసు, బోలెడన్ని సముద్రపు కాకులు. బుజ్జీ, ఇది నీకు. నువ్వు రేడియో విప్పి చూసి నాన్న చేత తిట్లు తిన్నావు కదా. 1897 మే 13న మార్కోనీ ఆ దీవి నుంచి ఎదురుగా ఉన్న లావర్నాక్ ఒడ్డుకు తీగ లేకుండా సందేశం పంపాడు. సముద్రం మీదుగా తీగ లేకుండా పోయిన మొదటి సందేశం అదే. దూరం ఆరు కిలోమీటర్లు. పంపిన మాట "ఆర్ యూ రెడీ". అప్పుడాయన వయసు ఇరవై మూడు. అదే నీళ్ళ మీద నిలబడి మీ అత్త రేడియోలో లాకువాళ్ళను పిలుస్తుంది. ఈసారి విప్పేటప్పుడు స్క్రూలు ఒక గిన్నెలో వేసుకుని విప్పు.

తిరిగొచ్చి మెరీనాలో చేరగానే పక్క పడవాయన తన పని వదిలేసి లేచి వచ్చాడట. మామ విసిరిన తాడు అందుకుని కట్టిపెట్టాడు. అడగకుండానే. అక్కడ అది మామూలు. ఎవరి పడవ వచ్చినా దగ్గరున్నవాళ్ళు తాడు అందుకుంటారు. తర్వాత మీ అత్త మంచినీళ్ళతో పడవంతా కడిగింది, ఉప్పు ఉంటే ఇనుము తినేస్తుంది కాబట్టి. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. కడిగి, తుడిచి, తాళ్ళు చుట్టి, అప్పుడు టీ తాగారు.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆ కట్ట లేనప్పుడు ఆ చెరువు చెరువు కాదు. రోజుకు రెండుసార్లు నీళ్ళు పోయి బురద తేలేది. ఆ బురదలో పురుగుల్ని ఏరుకుని వేల పక్షులు బతికేవి. చెరువు నిండుగా, చూడడానికి అందంగా ఉంది నిజమే. పడవలకు సుఖం. కానీ ఆ పక్షుల అన్నం నీళ్ళ కింద పడిపోయింది. వాటి కోసం ఇంకోచోట చిత్తడి నేల ఏర్పాటు చేశారు, అది మంచి పని. మన పులికాట్ బురదను ఎవరైనా కంపు అంటే మీరు ఊరుకోవద్దు. చలికాలంలో ఫ్లెమింగోలు అంత దూరం నుంచి వచ్చేది ఆ బురద కోసమే.

ఇప్పుడు మీకు పని. వచ్చే పౌర్ణమి ఎప్పుడో అవ్వనడిగి చెబుతాను. ఆ దగ్గరి ఆదివారం నాన్నను తూపిలిపాళెం తీసుకుపొమ్మనండి, మన జిల్లా సముద్రమే. పొద్దున్నే చేరాలి, కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరండి. అలలు పైకి వచ్చి ఎక్కడిదాకా ఇసుక తడుపుతున్నాయో చూసి అక్కడ ఒక పుల్ల గుచ్చండి. గంట తర్వాత మళ్ళీ చూసి ఇంకో పుల్ల. మధ్యాహ్నం దాకా అట్లాగే. పుల్లల మధ్య ఎన్ని అడుగులున్నాయో చిన్నోడు కొలవాలి, వేళలు బుజ్జి రాయాలి. నాన్న చెయ్యి వదిలి నీళ్ళలోకి దిగొద్దు. టోపీలు, మంచినీళ్ళు మరిచిపోవద్దు. ఆ కాగితం ఫోటో తీసి పంపకండి, పోస్టులో వెయ్యండి.

మీ తాతయ్య