బెజవాడ నుంచి బండిలో దేశం చూద్దామనుకునే వాళ్ల అపోహలు - వాస్తవాలు

నేను విజయవాడలో ట్రావెల్స్ నడుపుతా. ముందు వేరేవాళ్ల దగ్గర డ్రైవర్‌గా చేశా, ఇప్పుడు సొంతంగా రెండు ఇన్నోవాలు, ఒక టెంపో ట్రావెలర్ ఉన్నాయి, దూరం ట్రిప్ అయితే ఇప్పటికీ స్టీరింగ్ నేనే పట్టుకుంటా. మార్చి వచ్చిందంటే ఫోన్లు మొదలు. "అన్నా, కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాకా పన్నెండు రోజుల్లో కొట్టేద్దాం, దారిలో ఉన్నవన్నీ కవర్ అవ్వాలి." వాట్సాప్‌లో ముప్పై ఊళ్ల లిస్టు పంపిస్తారు. ఎన్ని ఊళ్లు చూస్తారో నాకు అక్కర్లేదు, ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో చెప్పండి అంటా. అక్కడే సగం లిస్టు ఎగిరిపోద్ది. నా దగ్గరికొచ్చే పార్టీల నోట పదే పదే వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

"మ్యాప్ 14 గంటలే చూపిస్తోంది కదా"

మ్యాప్ అబద్ధం చెప్పదు, కానీ దానికి మీ అత్తయ్య గారి మోకాళ్ల నొప్పి తెలీదు. అది చూపించేది ఆగకుండా పోయే కారు టైమ్. పన్నెండు మంది ఉన్న బండి ఒకసారి టీకి ఆగితే నలభై నిమిషాలు పోయినట్టే, చివరి మనిషి బాత్రూమ్ నుంచి వచ్చేసరికి మొదటి మనిషికి మళ్లీ ఆకలేస్తుంది. పైగా టెంపో ట్రావెలర్‌కి 80 దగ్గర స్పీడ్ గవర్నర్ ఉంటుంది, మీరు వెనక నుంచి ఎంత "తొక్కు తమ్ముడూ" అన్నా అది తొక్కదు. నా లెక్క సింపుల్: నాలుగు లైన్ల హైవే మీద ఆగడాలన్నీ కలుపుకుని గంటకి 55, ఘాట్ రోడ్డు అయితే 20 నుంచి 25. రోజుకి 500 దాటితే ఆ రోజు చూడ్డానికి ఏమీ పెట్టుకోకూడదు, ఏదైనా చూడాల్సింది ఉంటే 300 దగ్గర ఆపేయాలి.

ఢిల్లీ వైపు వెళ్లాలంటే హైదరాబాద్ మీదుగా 44వ నంబర్ హైవే పట్టుకుని సుమారు 1,800 కిలోమీటర్లు. కుర్రాళ్లు రెండు రోజుల్లో వెళ్లామని గొప్పగా చెప్తారు, ఏం చూశారు అంటే టోల్ గేట్లు. నేనైతే మొదటి రాత్రి నిర్మల్‌లో వేస్తా, వానాకాలం తర్వాతైతే పొద్దున్నే కుంటాల జలపాతం చూసుకుని నాగపూర్ దాటేసి పెంచ్ అడవి పక్కన రెండో రాత్రి. అక్కడ హైవేని అడవి మీదుగా ఎత్తు స్తంభాల మీద లేపారు, కింద నుంచి పులులూ జింకలూ దాటుకోడానికి. మహారాష్ట్ర వైపు అలాంటివి తొమ్మిది కట్టారు. మూడో రాత్రి ఝాన్సీ పక్కనే ఓర్ఛా, బేత్వా నది ఒడ్డున. అక్కడ రాముణ్ని దేవుడిగా కాదు, రాజుగా కొలుస్తారు. మన భద్రాచలం రామయ్యని చూసిన పెద్దవాళ్లు ఆ గుడి చూసి తెగ సంబరపడతారు. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆగ్రా. ఎవరికీ నడుము నొప్పి ఉండదు.

"రాత్రిపూట నడిపితే టైమ్ కలిసొస్తుంది, రోడ్డు ఖాళీగా ఉంటుంది"

ఈ మాట అన్నవాళ్లలో ఎక్కువ మంది వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లే. తెల్లారగట్ల రెండు నుంచి ఐదు మధ్య ఒంట్లో గడియారమే పడుకోమంటుంది, టీ తాగినా పాటలు పెట్టినా కిటికీ దించినా అది మాట వినదు, కళ్లు తెరిచే ఉంటాయి కానీ బుర్ర ఉండదు. నాకు ఒకసారి నెల్లూరు వైపు నుంచి వస్తుంటే చిలకలూరిపేట ఎప్పుడు దాటానో గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు, కాజ టోల్ దగ్గర బ్రేక్ వేసినప్పుడే తెలివొచ్చింది. అది జరిగి చాలా ఏళ్లయింది, ఆ తర్వాత రాత్రి పది దాటితే నా బండి కదలదు, పార్టీ పోతే పోయింది.

ప్రాణం సంగతి పక్కన పెట్టినా, దృశ్యాల కోసం డబ్బులు పెట్టి వెళ్తూ వాటిని చీకట్లో దాటేస్తే ఎలా అండి? పూరి ట్రిప్‌లో ఇదే జరుగుతుంది. మన 16వ నంబర్ హైవే మీదే ఒడిశాలో రంభ నుంచి బాలుగావ్ దాకా ఒక పక్క చిలికా సరస్సు, ఇంకో పక్క కొండలు, దేశంలో నాకు నచ్చిన ముక్కల్లో అదొకటి. బెజవాడలో తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయలుదేరినవాళ్లకి అక్కడ కనపడేది ఎదురొచ్చే లారీల లైట్లే. తెల్లవారుజామున నాలుగింటికి కదిలితే పొద్దుగూకే ముందు రంభలో ఉంటారు, రాత్రి అక్కడే ఆగాలి, పూరి మర్నాడు. (నాలుగింటికి కదలాలంటే డ్రైవర్ ముందురోజు రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి, అర్ధరాత్రి దాకా సామాన్లు సర్దించి వాణ్ని కూడా మేల్కొలిపి ఉంచితే లాభం లేదు.)

ఇంకో సంగతి, పొద్దు అన్ని చోట్లా ఒకేలా గూకదు. దేశం మొత్తానికి ఒకటే గడియారం, అది మన కాకినాడ దగ్గర్లో పోయే 82.5 డిగ్రీల రేఖని బట్టి పెట్టింది. దాంతో డిసెంబర్‌లో గువాహటిలో నాలుగున్నరకే చీకటి పడుతుంది, అదే గుజరాత్‌లో భుజ్ దగ్గర ఆరు దాటినా వెలుతురు ఉంటుంది. అస్సాం, తవాంగ్ వైపు ప్లాన్ వేసేటప్పుడు మధ్యాహ్నం మూడింటికి రూముకి చేరేట్టు లెక్క వేసుకోవాలి, పొద్దున ఐదున్నరకే రోడ్డెక్కాలి. ఇది తెలియక సాయంత్రం ఐదింటికి వ్యూ పాయింట్ పెట్టుకుంటారు.

"సీనరీ అంటే హిమాలయాలే"

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. మన ఇబ్రహీంపట్నం దగ్గర మొదలయ్యే 30వ నంబర్ హైవే ఎక్కడిదాకా పోతుందో ఎప్పుడైనా చూశారా? తిరువూరు, భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా, జగదల్‌పూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, లక్నో మీదుగా ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దాకా. ఇంటి ముందు నుంచి కొండల పాదాల దాకా ఒకటే నంబరు. జగదల్‌పూర్ మనకి సుమారు 400 కిలోమీటర్లు, అక్కడి నుంచి నలభై కిలోమీటర్లు పోతే ఇంద్రావతి నది మీద చిత్రకోట్ జలపాతం, గుర్రపు లాడంలా వంగి పడుతుంది, ఎత్తు సుమారు 95 అడుగులే కానీ వెడల్పు చూస్తే నోరు తెరుస్తారు. ఏప్రిల్‌లో వెళ్లి "ఇదేనా" అని తిట్టుకుంటూ వచ్చినవాళ్లు నాకు తెలుసు, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా దాని సీజన్. అదే రూట్‌లో పైకెళ్తే జబల్‌పూర్ పక్కన భేడాఘాట్, నర్మద రెండు వైపులా పాలరాతి గోడలు. అయితే వానాకాలంలో అక్కడ పడవలు ఆపేస్తారు. అంటే జలపాతమూ నిండుగా ఉండాలి, పడవా ఎక్కాలి అంటే దసరా దాటాక, అక్టోబర్ చివరి వారం చూసుకోవాలి.

కచ్ తెల్ల ఎడారి కూడా అంతే, వానల నీళ్లు ఎండితేనే ఉప్పు తెల్లగా తేలుతుంది, నవంబర్ నుంచి ఫిబ్రవరి. వేసవి సెలవుల్లో పిల్లలకి కుదురుతుందని మేలో కచ్ అడిగితే నేను బండి ఇవ్వను.

"లేహ్‌కి మనాలీ నుంచే వెళ్లాలి, ఆరోగ్యంగా ఉన్నోళ్లకి ఏం కాదు"

ఇది నేనే నమ్మిన అపోహ, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

మొదటిసారి లేహ్ తీసుకెళ్లింది తెనాలి వైపు ఒక కుటుంబాన్ని. మనాలీలో పడుకుని పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి సర్చూ గుడారాలకి చేరాం. రోజూ వాకింగ్ చేసే బాబాయ్ గారు, షుగర్ లేదు బీపీ లేదు, ఆయనకే రాత్రి పదకొండింటికి తలనొప్పి, వాంతులు, తెల్లారేసరికి మాట తడబాటు. అదే ఇంట్లో బీపీ ఉన్న పిన్నిగారు మాత్రం శుభ్రంగా నిద్రపోయింది. ఎత్తుకి ఫిట్‌నెస్‌తో పని లేదు, ఎంత త్వరగా ఎక్కామన్నదే దాని లెక్క. మనాలీ సుమారు 2,050 మీటర్లు, సర్చూ 4,290. ఒక్క పగల్లో రెండువేల మీటర్లు పైకెళ్లి నిద్రపోయాం, ఇంకేం జరుగుతుంది? డాక్టర్లు చెప్పేది ఏంటంటే 3,000 మీటర్లు దాటాక రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తుకి పడక మార్చకూడదు. పగలు ఎంత ఎత్తు కనుమ దాటినా పర్లేదు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నామన్నదే ముఖ్యం. ఆయన్ని వెనక్కి కిందికి, కేలాంగ్ దాకా దించేసరికి మనిషి తేరుకున్నాడు. లేహ్ ఆ ఏడాది ఎవరూ చూడలేదు. నేను డబ్బులు కూడా పూర్తిగా అడగలేదు.

ఇప్పుడు నా ప్లాన్ తిరగేశా. పోవడం శ్రీనగర్ నుంచి, రావడం మనాలీకి. శ్రీనగర్ 1,600 దగ్గర, అక్కడ రెండు రాత్రులు. తర్వాత జోజిలా కనుమ దాటి కార్గిల్, అది 2,700 దగ్గర. తర్వాత లేహ్, 3,500. మెట్లు ఎక్కినట్టు ఉంటుంది. లేహ్ చేరాక రెండు రోజులు ఎక్కడికీ తిప్పను, పార్టీ వాళ్లు మొదటి రోజు తిట్టుకుంటారు, రెండో రోజు మెట్లెక్కుతూ ఆయాసపడి ఊరుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు టాంగ్‌లాంగ్ లా లాంటి 5,300 మీటర్ల కనుమలున్నా ఒంటికి అలవాటైపోయి ఉంటుంది, పైగా కిందికే దిగుతున్నాం. 2020 అక్టోబర్‌లో తెరిచిన అటల్ టన్నెల్, 9 కిలోమీటర్లు, దాంతో రోహ్‌తాంగ్ ఎక్కే పని కూడా తప్పింది. టన్నెల్ వచ్చింది కాబట్టి లేహ్ రోడ్డు ఏడాదంతా తెరిచి ఉంటుందనుకోవద్దు, టన్నెల్ దాటాక బారాలాచా లాంటి కనుమలు అలాగే ఉన్నాయి, మామూలుగా మే చివర, జూన్ నుంచి అక్టోబర్ దాకానే. ఎత్తు పడకపోతే మందుబిళ్ల వేసుకుంటే చాలు కదా అంటారు, అది మన ఊళ్లో డాక్టర్ని అడిగి వేసుకోవాల్సింది, డ్రైవర్ని అడిగి కాదు.

"దిగుడులో న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుంది"

తప్పు, రెండు రకాలుగా తప్పు. ఇప్పటి ఇంజిన్లలో గేర్‌లో ఉంచి కాలు తీస్తే దిగుడులో ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి ఇంకా తాగుతూనే ఉంటుంది. రెండోది, బండి బరువంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోయి, కావాల్సినప్పుడు పట్టవు. మా గురువు చెప్పింది ఒక్కటే, ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు. ఇరుకు ఘాట్‌లో ఎదురుపడితే ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, అది రూలు కూడా. సొంత కారులో వెళ్లేవాళ్లు ముందు మన ఘాట్‌లో, అరకు రోడ్డు మీద ఒకసారి నడిపి చూసుకోండి.

చిన్న చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తా. తెల్ల నంబర్ ప్లేట్ కారు అద్దెకి చవగ్గా దొరికిందని వెళ్లొద్దు, అద్దెకి తిప్పడం చట్టం ఒప్పుకోదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. పసుపు ప్లేట్, ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ అడిగి చూసుకోండి. సొంత కారైతే 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది, మొదలుపెట్టినప్పుడు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. నేషనల్ హైవేలకి బంగారం లాంటిది, కానీ హైదరాబాద్ ఔటర్, యమునా ఎక్స్‌ప్రెస్‌వే, నాగపూర్-ముంబై సమృద్ధి లాంటి రాష్ట్రాల రోడ్ల మీద పనిచేయదు. మా పసుపు ప్లేట్లకి అసలు ఇవ్వరు, ఆ ఏడుపు వేరే. కాశ్మీర్, లడఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, బండిలో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌కి ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటి రాష్ట్రాల వాళ్లు లోపలికి రావడానికి ఇచ్చే అనుమతి కాగితం, ముందే తీసుకోవాలి, గేటు దగ్గరికెళ్లి బతిమాలితే కాదు.

"పైన మన తిండి దొరకదు, రైస్ కుక్కర్ పట్టుకెళ్తే చాలు"

ఆవకాయ, కందిపొడి, చింతపండు పులుసు ముద్ద పట్టుకెళ్లండి, వద్దనను, గుంటూరు వాళ్లైతే నేను వద్దన్నా వినరు. కానీ లేహ్ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు కరెంట్ కుక్కర్‌లో అన్నం పలుకు పలుకుగా మిగిలిపోతుంది, పప్పు అయితే ఉడకనే ఉడకదు. ప్రెషర్ కుక్కర్ పెట్టుకోవాలి. అది తెలియక మా పార్టీ ఒకటి మూడు రోజులు మ్యాగీతోనే గడిపింది.

"తిరుగు ప్రయాణం ఏముంది, ఆగకుండా వచ్చేయడమే"

ప్లాన్లన్నిటిలోనూ పోయేటప్పుడు ఎనిమిది రోజులు, వచ్చేటప్పుడు రెండు. డబ్బులూ ఓపికా అయిపోయి, సోమవారం ఆఫీసు గుర్తొచ్చి, అందరికీ తొందర. అసలు అలిసిపోయి ఉండేది అప్పుడే. నేను బేరం మాట్లాడేటప్పుడే తిరుగు రాత్రులు కూడా కాగితం మీద రాయించుకుంటా. చివరి రాత్రి మాత్రం ప్రతిసారీ గొడవే. హైదరాబాద్ చేరేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది, "ఇంకెంత అన్నా, 275 కిలోమీటర్లేగా, తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం" అంటారు. రూమ్ బుక్ చేసేశా అని చెప్పి తాళం జేబులో వేసుకుని నేను పైకెళ్లి పడుకుంటా.